ఆగస్టుల భీమిలి పోతున్నం, ఏ ఇల్లు తీసుకోవాలె అక్కా?

"అక్కా నమస్తే. మాది హన్మకొండ. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. పెద్దోనికి తొమ్మిదేండ్లు, చిన్నదానికి ఐదు. అత్తమ్మ ఇప్పటిదాక సముద్రం చూడలే, ఈ ఏడు ఎట్లయినా చూపియ్యాలని మా ఆయన పట్టు పట్టిండు. ఎండకాలం సెలవులల్ల కుదరలే, దసరాకు ఇండ్లు దొరకవ్ అంటున్నరు, అందుకని ఆగస్టుల మూడు రాత్రులు భీమిలి అనుకున్నం. ఆన్‌లైన్ల మూడు చూసిన. ఒకటి భీమిలి దాటినంక సముద్రం ఎదురుంగ విల్లా, రెండంతస్తులు, స్విమ్మింగ్ పూల్, సీజన్ల డబుల్ రేటంట, ఇప్పుడు 5,500కే ఇస్తరంట. రెండోది రుషికొండ దిక్కు అపార్ట్‌మెంట్ల ఐదో అంతస్తు ఫ్లాట్, 3,000. మూడోది భీమిలి ఊర్లనే పాత పెంకుటిల్లు, ఓనర్లు వెనక పోర్షన్ల ఉంటరు, బీచ్‌కు పది నిమిషాలు నడవాలె, 2,200. ఫొటోలల్ల అది జర ముసలిగ కనిపిస్తుంది. నా మనసు విల్లా మీదున్నది. ఆ విల్లా ఓనర్ ఇయ్యాల సాయంత్రం లోపు మొత్తం పైసలు కొట్టమంటున్నడు, లేకుంటే వేరేటోళ్ళకు ఇస్త అంటున్నడు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. అసలు ఆఫ్ సీజన్ల పోవుడు కరెక్టేనా, ఏది తీసుకోవాలె?"

చెల్లె, అన్నిటికన్న ముందుగాల ఒక పని చెయ్, ఆ విల్లాయనకు పైసలు కొట్టకు. ఇది చదివే లోపే కొట్టేసి ఉంటే దాని ముచ్చట కింద రాసిన, ఆగమాగం కాకు. మేడారం జాతర నాలుగు రోజులు చిన్న గుడిసె కోసం మనోళ్ళు ఎట్ల ఎగబడ్తరో నీకు తెల్వంది కాదు, అప్పుడు ఓనర్ తొందర పెట్టిండంటే దానికో అర్థమున్నది. కని ఆగస్టుల, అది సుత వారం నడుమ, భీమిలి అవతల ఖాళీగ పడున్న ఇంటికి సాయంత్రం లోపు వేరేటోళ్ళు వస్తున్నరంటే నాకైతే నవ్వొచ్చింది. రెండు రోజులు ఊకో, ఆయనే మళ్ళ ఫోన్ చేసి ఇంకో ఐదొందలు తగ్గిస్త అంటడు చూడు.

పోవుడు కరెక్టేనా అంటే కరెక్టే, పోర్రి. ఆగస్టు అంటే వాన అని భయపడ్తున్నవేమో, నిజం చెప్పాలంటే ఆ నెల వైజాగ్ కన్న మన వరంగల్లే ఎక్కువ తడుస్తది. ఆ దిక్కు అసలు జోరు వానలు సెప్టెంబర్, అక్టోబర్లల, పెద్ద తుఫాన్లు సుత ఎక్కువ అక్టోబర్ నుంచి డిసెంబర్ల నడుమనే, హుద్‌హుద్ వైజాగ్‌ను పట్టి కుదిపింది 2014 అక్టోబర్ 12న గదా. ఆగస్టుల అల్పపీడనం పట్టుకుంటే రెండు రోజులు ముసురు ఉంటది, లేకుంటే వచ్చి పోయే వానలే. ఉక్క మాత్రం ఘోరంగ ఉంటది, తానం చేసి బట్టలు తొడిగేసరికి మళ్ళ చెమట, అది ఓర్సుకోవాలె. దసరాకు దొరకవ్ అన్నది సుత నిజమే, మనకు బతుకమ్మ సెలవులు, బెంగాలోళ్ళకు పూజ సెలవులు, అందరు ఒక్కసారే వైజాగ్, అరకు మీద పడ్తరు.

కని ఆఫ్ సీజన్ అని నెల పేరు చెప్తరు గాని భీమిలికి అది వారం లెక్క. ఆదివారం వచ్చిందంటే వైజాగ్ వాళ్ళే బండ్లేసుకొని బీచ్ రోడ్డు పొడుగూత వస్తరు, ఆగస్టు అయినా సరే భీమిలిల బండి పెట్ట జాగ దొరకది. ఆగస్టు 15 శనివారం, ఆదివారంతోటి కలిసిందంటే ఆ మూడు రోజులు రేట్లు సీజన్ రేట్లే. పైంగ శ్రావణమాసం పెండ్లిండ్లు, లగ్గం ఉన్న రోజు హోటళ్ళు, గెస్ట్‌హౌస్‌లు చుట్టాలతోటి నిండిపోతయ్, నువ్వు ఆఫ్ సీజన్ అనుకొని పోతవ్, ఆడ రాత్రి పన్నెండు దాక డీజే. అందుకని పిల్లలకు నాలుగు రోజులు బడి ఎగ్గొట్టిచ్చినా పర్వాలేదు, సోమవారం దిగి గురువారం ఎక్కేటట్టు పెట్టుకో. పంచాంగంల ముహూర్తాలు ఒకసారి చూడు, అత్తమ్మకు చెప్తే ఆమెనే చూసి చెప్తది.

ఇగ ఇండ్ల ముచ్చట. విల్లా వద్దని ఊకె అంటలేను, మొట్టికాయ తిని చెప్తున్న. మా ఆయన కాజీపేటల రైల్వే డ్యూటీల ఉన్నప్పుడు, పాసులున్నయ్ గదా అని ఒక జూలైల మేము సముద్రం ఒడ్డు ఊరికొకదానికి పోయినం, ఏ ఊరో వద్దులే, ఆ ఇంటాయన ఇప్పటికి నడుపుతుండంట. ఫొటోలల్ల తెల్లగ మెరిసే ఇల్లు, సగం రేటు. రాత్రి ఎనిమిదింటికి ఆటో దిగినం, గేటుకు తాళం, ఫోన్ చేస్తే తాళంచెవి ఉన్న పిలగాడు పక్కూర్ల ఉన్నడంట, వాడు వచ్చేసరికి తొమ్మిదిన్నర, వాన తుంపర, మా పిల్లలు సూట్‌కేసుల మీద కూసొని నిద్రపోయిన్రు. తలుపు తీసుడుతోటే బూజు వాసన. నెలన్నర సంది మూసిన ఇల్లు, సముద్రం గాలి తేమకు పరుపులు చల్లగ తడిగ ఉన్నయ్, ఏసీ వేస్తే గురగుర అని ఆగిపోయింది, ఉప్పు గాలికి బయట డబ్బా మొత్తం తుప్పు పట్టిందని తెల్లారి చూసినం. పది నిమిషాలకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉన్నది అన్నడు, ఉన్నది నిజమే, రెండు ఫ్యాన్లు ఒక బల్బు నడుస్తయ్. బోరు నీళ్ళు ఉప్పగ, ఎంత రుద్దినా సబ్బు నురగ రాదు, మా బిడ్డ తల మూడు రోజులు జిడ్డుగనే ఉండె. అన్నం కోసం చూస్తే చుట్టుపక్కల ఒక్క హోటల్ లేదు, సీజన్ కాదని మూసుకొని పోయిన్రు, ఆ పిలగాడు బండి మీద పోయి పరోటాలు తెచ్చేసరికి పదకొండు. ఇంక ఆ 'సీ వ్యూ' ఉన్నది చూడు, అది డాబా మీద నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కితే కనిపిస్తది. మా ఆయన రోజు పొద్దున నిచ్చెన ఎక్కి 'ఉన్నది, ఉన్నది' అని కిందికి చెప్పేది.

అప్పటి సంది నాకు అర్థమైంది ఏందంటే, సీజన్ల పోతే ఇల్లు ఎట్లున్నా నడుస్తది, పొద్దంత బయటనే ఉంటవ్, చుట్టు పది హోటళ్ళు, పది ఆటోలు ఉంటయ్. ఆఫ్ సీజన్ల అవేవి ఉండవ్, వాన వస్తే నాలుగ్గంటలు ఇంట్లనే కూసోవాలె, ఏది కావాల్నన్నా ఆ ఇంట్ల ఉన్న మనిషే దిక్కు. అందుకని నేను ఇప్పుడు ఇల్లు తర్వాత చూస్త, ముందుగాల ఫోన్ ఎత్తేది ఎవరు, వాళ్ళు ఏడ ఉంటరు అని అడుగుత. నీ మూడిట్ల మనిషి ఇంట్లనే ఉన్నది ఒక్క పెంకుటింటికే.

నా ఓటు దానికే. ముసలిగ కనిపిస్తుంది అన్నవ్, ఉండనీ, ఓనర్లు వెనకనే ఉంటున్నరంటే ఆ ఇల్లు రోజు ఊడ్చి, తుడిచి, తలుపులు తీసి ఉంచే ఇల్లు, పెంకుల కింద చల్లగ ఉంటది, కింది అంతస్తే గాబట్టి అత్తమ్మకు మెట్ల బాధ ఉండది. ఊరి నడుమ ఉన్నది గాబట్టి పాలు, మందుల దుకాణం, డాక్టరు అన్ని దగ్గర్నే. ఇంటామెను అడిగితే ఒక పూట అన్నం సుత వండి పెడ్తది, పైసలు ఎంతనో ముందే మాట్లాడుకో, మొహమాటపడి వచ్చేటప్పుడు లొల్లి పెట్టుకోకు. దానికి ఉన్న అనుమానం ఒక్కటే, బాత్‌రూం. పాత ఇండ్లల్ల బాత్‌రూం పెరట్ల ఉంటది, అది సుత ఇండియన్ టాయిలెట్ ఉంటది, మోకాళ్ళు వంగని మనిషికి రాత్రిపూట వానల ఆడికి పోవుడు కాని పని. లోపట వెస్ట్రన్ టాయిలెట్ ఉన్నదా, గడప ఎంత ఎత్తున్నది, పట్టుకునెటందుకు ఏమన్న ఉన్నదా అని అడుగు. లేదు అంటే ఇగ ఆలోచన లేకుంట రుషికొండ ఫ్లాట్ తీసుకో.

ఫ్లాట్‌ల లిఫ్ట్ ఉంటది, వాచ్‌మన్ ఉంటడు, నీళ్ళ ఫికర్ తక్కువ. కని జనరేటర్ లిఫ్ట్‌కు సుత ఉన్నదా లేక ఉత్త కారిడార్ లైట్లకేనా అడుగు, కరెంటు పోయినప్పుడు ఐదో అంతస్తుల అత్తమ్మ చిక్కుకపోతది. కొన్ని అపార్ట్‌మెంట్లల్ల రోజు కిరాయికి ఇచ్చుడు అసోసియేషన్ వాళ్ళకు ఇష్టముండది, గేటు కాడ ఆపి 'ఎవరింటికి' అని సతాయిస్తరు, ఓనర్ వాచ్‌మన్‌కు ముందే చెప్పిండా కనుక్కో. ఆడికెళ్ళి భీమిలికి రోజు పోయి రావాలంటే ఆటో పైసలు వేరే, అది సుత లెక్కేసుకో. విల్లా గురించి ఇంక ఒక్క మాట, ఐదేండ్ల పిల్ల ఉన్నది, కంచె లేని స్విమ్మింగ్ పూల్ ఉన్నది, మనుషులు లేని కాలం, నీళ్ళు పచ్చగ పాకురు పట్టి ఉంటయ్. నాకైతే నిద్ర పట్టది.

ఏది తీసుకున్నా ఫొటోలు నమ్మకు, వీడియో కాల్ చెయ్. చేసినప్పుడు మంచం, సోఫా చూపిస్తరు, నువ్వు బాత్‌రూంల నల్లా తిప్పి చూపియ్యిమను, పరుపు లేపి కింద చూపియ్యిమను, ఇంటి గుమ్మం కాడ నిలబడి ఫోన్ రోడ్డు దిక్కు తిప్పమను, సముద్రం ఎంత దూరమో నడిచి చూపియ్యిమను. 'ఇప్పుడు కుదరది మేడం, పాత వీడియో పంపుత' అన్నరంటే ఏదో మతలబు ఉన్నది. తాగే నీళ్ళ క్యాన్ ఎవరు తెస్తరు, గ్యాస్ సిలిండర్ నిండుగ ఉన్నదా, కరెంటు పోతే ఏం నడుస్తయ్ అని అడుగు, జవాబు కన్న చెప్పే తీరు చూడు. ఇసుక్కోకుండ చెప్పేటోళ్ళు రాత్రి తొమ్మిదింటికి సుత తలుపు తీస్తరు.

పైసల సంగతి. మొత్తం ముందే ఎవ్వరికి ఇయ్యకు, ఒక రాత్రి కిరాయి అడ్వాన్స్ ఇయ్యి, తతిమ్మది తాళంచెవి చేతుల పడ్డంక. రైలు క్యాన్సిల్ అయితే, తుఫాను హెచ్చరిక వస్తే అడ్వాన్స్ వాపస్ ఇస్తరా, తారీఖు మారుస్తరా అని వాట్సాప్‌ల రాతపూర్వకంగ అడిగి జవాబు రాయించుకో, ఫోన్ల 'చూద్దాం లెండి' అన్నది లెక్కకు రాదు. ఇది ఊకె చెప్తలేను, 2024 సెప్టెంబర్ ఒకటిన ఏమైందో యాదికున్నదా, ఇంటికన్నె, కేసముద్రం నడుమ పట్టాల కింద కట్ట మొత్తం కొట్టుకపోయి పట్టాలు గాల్ల వేలాడినయ్, విజయవాడ దిక్కు రైళ్ళు కొన్ని రోజులు బంద్. మనకు వానకాలం సముద్రానికి పోయే తొవ్వల భయం సముద్రం కాడ కాదు, మహబూబాబాద్ కాడ ఉంటది. రైలు వాళ్ళే క్యాన్సిల్ చేస్తే ఆన్‌లైన్ టికెట్ పైసలు వాటంతటవే వాపస్ వస్తయ్, ఇంటోళ్ళయి రావు. ఆధార్ కాపీ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపు, ఆధార్ వెబ్‌సైట్ల డౌన్‌లోడ్ అయితది.

ఒకవేళ విల్లాయనకు పైసలు పోయినయ్ అనుకో, ఫస్ట్ వీడియో కాల్ అడుగు, నిజం ఓనర్ అయితే ఎత్తుతడు. ఎత్తకుంట, బ్లాక్ చేసిండంటే ఆలస్యం చెయ్యకుంట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు, బ్యాంకుకు సుత చెప్పు, ఎంత జల్ది చెప్తే అంత ఆశ ఉంటది. రీఫండ్ ఇస్త, స్కాన్ చేసి పిన్ కొట్టు అని క్యూఆర్ కోడ్ పంపితే అస్సలు కొట్టకు, మనకు పైసలు వచ్చేదానికి పిన్ ఎప్పటికి అవసరం లేదు.

రైలుకొస్తే, వరంగల్‌ల రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్, పిల్లలు, ముసలోళ్ళు ఉన్నోళ్ళకు అదే సుఖం. వందే భారత్ బాగనే ఉన్నది, 2023 సంక్రాంతికి మొదలుపెట్టిన్రు, తర్వాత ఇంకోటి వేసిన్రు, కని మధ్యాహ్నం సికింద్రాబాద్‌ల బయలుదేరేది వైజాగ్‌ల దింపేసరికి నడిరాత్రి దగ్గరపడ్తది, ఆడికెళ్ళి భీమిలి ఇంకో 30 కిలోమీటర్ల లెక్క, ఆ యాళ్ళప్పుడు ఎవర్ని లేపి తలుపు తీయిస్తవ్. పొద్దుగాలదైతే సరే.

సముద్రం గురించి జర గట్టిగనే చెప్త, ఏమనుకోకు. మనకు నీళ్ళంటే లక్నవరం, వడ్డేపల్లి చెరువు, కదలకుండ ఉంటయ్, మా ఈతగాండ్లు బావులల్ల నేర్చినోళ్ళు, సముద్రం ముందట ఆ ఈత అక్కరకు రాదు. ఆగస్టుల నైరుతి గాలికి అలలు పెద్దగ ఉంటయ్. అలలు విరుగుతున్న తాన తెల్లగ నురగ కనిపిస్తది, నడుమ ఒక తాన అల విరగకుండ సాఫుగ, నిమ్మళంగ కనిపిస్తది, 'ఈడ బాగున్నది' అని అందరు ఆడనే దిగుతరు, కని ఒడ్డుకొచ్చిన నీళ్ళన్ని తిరిగి లోపటికి గుంజుకపోయే తొవ్వ అదే. పొరపాటున దాంట్ల పడితే ఒడ్డు దిక్కు కొట్లాడొద్దు, పక్కకు, ఒడ్డు వెంబడి ఈదాలె. భీమిలిల గోస్తని నది సముద్రంల కలుస్తది, ఆ మొగ కాడ చూసుడే, దిగుడు లేదు. పిల్లలు మోకాళ్ళ లోతు దాటొద్దు, చెయ్యి పట్టుకొని. ఎర్ర జెండా ఉంటే ఆ మోకాళ్ళు సుత లేవు.

అత్తమ్మ మాత్రం తానం చేస్త అంటది, మనోళ్ళు అంతే, సముద్రాన్ని చూసినంక పసుపు కుంకుమ వేసి మొక్కి మునగకుంట ఎట్ల ఊకుంటరు. అమావాస్య, పున్నమి నాడైతే పుణ్యం అని ఆ రోజే అంటది, పోటు ఎక్కువ ఉండేది సుత అప్పుడే. ఒక ప్లాస్టిక్ కుర్చీ, చెంబు పట్టుకపోర్రి, తడి ఇసుక ఒడ్డున కుర్చీ వేసి కూసోబెట్టి కాళ్ళ మీదికి అల రానిచ్చి, చెంబుతోటి తల మీద పొయ్యి. మా అమ్మకు అట్లనే చేసిన. పోయే ముందర రోజు ఇన్‌కాయిస్ (సముద్రం సమాచారం చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళ పెద్ద అలల హెచ్చరికలు చూసుకో, ఆ ఆఫీస్ మన హైదరాబాద్‌లనే ఉన్నది, దేశం మొత్తం సముద్రం సంగతి సముద్రం లేని ఊరికెళ్ళి చెప్తరు.

భీమిలిల వాన ఆగిన గంటల తిరగనీకి బాగుంటది. డచ్చోళ్ళ కాలం నాటి సమాధులు, లైట్‌హౌస్ అన్ని ఊర్లనే, చిన్న ఊరు అనుకోకు, 1861లనే మున్సిపాలిటీ అయిన ఊరు. ఎర్రమట్టి దిబ్బలు పిల్లలకు మస్తు నచ్చుతయ్, కని వాన పడ్డ మర్నాడు జారుతయ్, అంచులు విరుగుతయ్, అత్తమ్మను రోడ్డు మీదికెళ్ళే చూపియ్యి. పావురాలకొండ మెట్ల ముచ్చట ఆమె ముందట ఎత్తనే ఎత్తకు, ఎక్కుత అంటది.

చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకనే, ఆగస్టుల బోట్లు తిరుగుతయ్, చేపలు తాజాగ దొరుకుతయ్. పులస అడగకు, అది గోదావరి చేప, భీమిలిల 'పులసనే' అని ఎవరన్న అమ్మితే నీ ఊరు అడిగి అమ్ముతున్నరన్నట్టు. అత్తమ్మకు శ్రావణం పట్టింపు ఉన్నదేమో ముందే కనుక్కో, ఉంటే మీరు ఆమె ముందట చేపల పులుసు తినుడు, ఆమె ఒట్టి పప్పు తినుడు బాగుండది, ఇంటామెకు చెప్పి వేరే గిన్నెలల్ల వండించుకోర్రి.

సామాన్లల్ల దోమల చుట్ట, టార్చి, రెండు పాత దుప్పట్లు, అత్తమ్మ మందులు వారానికి సరిపోయేటియి పెట్టుకో, రైళ్ళు ఆగితే అక్కరకొస్తయ్. గొడుగులు ఇంట్లనే పెట్టి రెయిన్‌కోట్లు పట్టుకపోర్రి, ఆ గాలికి గొడుగు రెండో నిమిషంల తిరగబడ్తది, మేము మూడు ఇరగ్గొట్టుకొని వచ్చినం.